ఊరి ఇంటర్నెట్ సంఘం పెట్టేవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం పీఎం వాణి పథకానికి ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి ఊళ్లో వైఫై ఇవ్వడానికి లైసెన్సు అక్కర్లేదు. కిరాణా కొట్టు, హోటలు, యువజన సంఘం, ఎవరైనా సరే పబ్లిక్ డేటా ఆఫీసు తెరుచుకోవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. కాబట్టి నిజామాబాద్ జిల్లా బోధన్ చుట్టుపక్కల ఎడపల్లిలోనో, రెంజల్‌లోనో, కోటగిరిలోనో పదిమంది కలిసి లాభం లేకుండా ఊరికి మనమే నెట్ పెట్టుకుందాం అనుకుంటే రౌటరు, వైరు, స్తంభం సంపాదించడం పెద్ద పని కాదు. సంఘంలో సభ్యులు ఎవరు, వాళ్ల చేతిలో ఏ అధికారం ఉండాలి అని తేల్చుకోవడమే అసలు పని.

ఈ విషయంలో మీకు సలహాలు చాలా వస్తాయి. నమ్మకస్తులు నలుగురితో మొదలుపెట్టండి అంటారు. సభ్యత్వం ఉచితంగా ఇవ్వండి, ఎన్నికలు పెట్టి ఊరిని చీల్చకండి, కలెక్టరు గారినో ఎమ్మెల్యే గారినో గౌరవాధ్యక్షులుగా పెట్టుకోండి, పేచీకోర్లను దగ్గరికి రానీయకండి అంటారు. నేను వీటన్నిటికీ సరిగ్గా ఎదురు చెప్తాను. వినడానికి తలతిక్కగా ఉంటుంది, పాటిస్తే కార్యదర్శికి పని రెట్టింపవుతుంది. అయినా ఇవే పాటించమని అడుగుతున్నాను. లాభం కోసం కాని సంస్థ జవాబుదారీగా ఉండాలంటే దాన్ని నడిపేవాళ్లకు కొంత ఇబ్బంది తప్పదు. ఆ ఇబ్బందిని మొదటి రోజే బైలాలో రాసిపెట్టుకోవాలి.

నమ్మకస్తులతో మొదలుపెట్టొద్దు

కేవలం నమ్మకం మీద నడిచే సంస్థ ఎలా ఉంటుందో మన జిల్లా వాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదు. గ్రామాభివృద్ధి కమిటీని, అంటే వీడీసీని, మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. కులానికి ఇంతమంది చొప్పున పెద్దలు కూర్చుంటారు. ఆ కమిటీకి రిజిస్ట్రేషన్ ఉండదు, రాసిన బైలా ఉండదు, ఆడిట్ ఉండదు. గుళ్లు కట్టించారు, బడికి గదులు వేయించారు, ఆ మంచిని నేను కాదనను. అదే కమిటీ జరిమానాలు వేయడం, కట్టని కుటుంబాన్ని, ఒక్కోసారి ఒక కులం మొత్తాన్ని సాంఘిక బహిష్కరణ చేయడం కూడా జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. ఆ ఇంటికి కూలికి పోవద్దు, ఉప్పు పప్పు అమ్మొద్దు, మాట్లాడినవాళ్లకు కూడా జరిమానా. బాధితులు పోలీస్ స్టేషన్ దాకా పోయి కేసులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ పట్టికలో నెట్ కనెక్షన్ కూడా చేరిందనుకోండి. పిల్ల చదువు ఫోన్‌లో ఉంది, పసుపు ధర ఫోన్‌లో తెలుస్తుంది, పైసలు ఫోన్‌పేలో పోతాయి, వస్తాయి. ఒక ఇంటి లాగిన్ ఆపేస్తే ఆ ఇల్లు ఊరి నుంచి తెగిపోతుంది. దండోరా వేయించాల్సిన పని కూడా లేదు. రాత్రి పది గంటలకు ఒక్క మనిషి, ఒక్క బటన్ చాలు. పొద్దున్నే అడిగితే సర్వర్ ప్రాబ్లం అని చెప్పొచ్చు. ఎవరికీ తెలియకుండా చేయగల బహిష్కరణ ఇది.

అందుకే సభ్యత్వం గురించి రాసే ముందే బైలాలో మొదటి నిబంధనగా ఇది రాయండి. బిల్లు కట్టని కారణం తప్ప మరే కారణంతోనూ ఏ ఇంటి కనెక్షనూ తీయకూడదు. తీసే ముందు 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ ఇంటివాళ్లు అభ్యంతరం చెప్తే సర్వసభ్య సమావేశం తేల్చేదాకా కనెక్షన్ నడుస్తూనే ఉండాలి. కమిటీలో ఉన్న నలుగురూ దేవుళ్లే అయినా సరే ఇది రాయండి. సాలూర దగ్గర మంజీరా వంతెన దాటితే మహారాష్ట్ర. అక్కడ సాంఘిక బహిష్కరణను నేరంగా చూసే ప్రత్యేక చట్టాన్ని 2016లోనే చేసుకున్నారు. మీ బైలాలో ఒక్క పేరా రాసుకోవడానికి మీకు శాసనసభ అక్కర్లేదు.

తొందరగా అయ్యే రిజిస్ట్రేషన్ వద్దు

ఆడిటర్ దగ్గరికి పోతే మూడు దారులు చెప్తాడు. ట్రస్టు, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ, సొసైటీ. ట్రస్టు సులువు. డీడ్ రాసి రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది. ట్రస్టీలు బతికున్నంత కాలం ఉండొచ్చు, సభ్యులనే మాటే ఉండదు. సెక్షన్ 8 ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు. మొగుడూ పెళ్లాం కూడా పెట్టుకోవచ్చు. సొసైటీకి 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. నాలుగో దారి ఒకటుంది, దాని పేరు చాలామంది ఆడిటర్లు ఎత్తరు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, జనం నోట్లో మ్యాక్స్ చట్టం. రాతకోతలు, మీటింగులు, సభ్యులకు జవాబు చెప్పే బాధ్యతలు ఇందులో బాగానే మీద పడతాయి. నేను చెప్పేది ఇదే తీసుకోండని.

కారణం మన చెరుకులోనే ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పడింది. దానికి చెరుకు పండించి పంపిన రైతు కటింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూశాడు, తూకం చీటీ జాగ్రత్తగా దాచుకున్నాడు, బకాయిల కోసం తిరిగాడు. ఫ్యాక్టరీ ఏమవ్వాలనే నిర్ణయంలో మాత్రం అతనికి చోటు లేదు. 2002లో 51 శాతం ప్రైవేటు సంస్థకు, 49 శాతం ప్రభుత్వానికి అని పంచుకున్నారు. ఆ నూరు శాతంలో చెరుకు రైతు వాటా ఎంత? కార్మికుడి వాటా ఎంత? 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు గేటుకు అంటించినప్పుడు బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు చోట్లా నోటీసు చదువుకోవడం తప్ప వాళ్లకు వేరే హక్కు లేకపోయింది.

మరి సారంగాపూర్ చక్కెర ఫ్యాక్టరీ సంగతేంటి, అది సహకార ఫ్యాక్టరీయే కదా, రైతులే సభ్యులు కదా, అదీ మూతపడింది కదా అని మీరు అడగాలి. అడగాల్సిన ప్రశ్నే. పాత 1964 సహకార చట్టం కింద నడిచిన ఇలాంటి మిల్లుల్లో సభ్యత్వం రైతుదే కానీ పగ్గాలు మాత్రం ప్రభుత్వానివి. మేనేజింగ్ డైరెక్టరును పంపేది సర్కారు. పాలకవర్గం గడువు తీరితే సర్కారు తరఫున వచ్చి కూర్చునేది పర్సన్ ఇన్‌చార్జ్. వాటా ధనంలో సర్కారు సొమ్ము, అప్పుకు సర్కారు హామీ, దానికి తగ్గట్టు సర్కారు మాట. పేరుకు సభ్యుడైన మనిషి చివరికి ప్రేక్షకుడయ్యాడు. ఈ అనుభవం నుంచే 1995 చట్టం పుట్టింది. దేశంలో ఇలాంటి చట్టం మొదట చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. సర్కారు వాటా ధనం ఉండదు, ఎన్నికలు సంఘమే పెట్టుకోవాలి, ఆడిటరును సంఘమే నియమించుకోవాలి. సేవ వాడుకోని సభ్యుడికి ఓటు లేకుండా షరతు పెట్టుకోవచ్చు. ముల్కనూరు మహిళా డెయిరీ ఈ చట్టం కిందే నడుస్తోంది. పాలు పోసే ఆడవాళ్లే దాని యజమానులు. మిగులును పంచుకోకుండా నిధిలోనే వేయాలని మీ బైలాలో రాసుకోండి, లాభాపేక్ష లేదన్న మీ మాట కూడా నిలుస్తుంది.

దేశ స్థాయిలో మనకున్న ఇంటర్నెట్ సంస్థను చూడండి. డాట్ ఇన్ వెబ్‌సైట్ పేర్లను చూసుకునే నిక్సీ 2003లో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడింది. ఇప్పుడు తెలుగు లిపిలో .భారత్ పేర్లు కూడా దాని కిందివే. ఛైర్మన్ కుర్చీలో ఉండేది కేంద్ర ఐటీ శాఖ కార్యదర్శి. పేరు కొనుక్కున్న మనిషి అక్కడ ఖాతాదారు మాత్రమే. దేశం మొత్తానికి అది తప్పనిసరేమో, ఆ వాదన వేరు. ఐదు వందల గడపల ఊరికి మాత్రం ఆ నమూనా అక్కర్లేదు.

సభ్యత్వం ఉచితంగా ఇవ్వొద్దు

ఈ మాటకు చాలామందికి కోపం వస్తుంది. పేదవాళ్లను దూరం పెట్టమంటున్నానని అనుకుంటారు. నేను చెప్పేది వేరు. ప్రపంచంలో ఇంటర్నెట్ పేర్లను, నంబర్లను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ 1998లో కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా పుట్టింది. 2000లో ప్రపంచ ప్రజలందరికీ ఉచిత సభ్యత్వం ఇచ్చి ఐదు భౌగోళిక ప్రాంతాల నుంచి ఐదుగురు డైరెక్టర్లను ఎన్నుకోమంది. ఈమెయిలు, పోస్టు చిరునామా ఉంటే చాలు. లక్షా 58 వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. పోస్టులో వచ్చిన పిన్ నంబరుతో సభ్యత్వాన్ని ఖాయం చేసుకున్నది 76 వేల మంది. ఓటు వేసింది 34 వేల మంది. ఆసియాలో కంపెనీలు తమ ఉద్యోగులను గుంపులుగా నమోదు చేయించాయన్న విమర్శ వచ్చింది. రెండేళ్లకే, 2002లో, ఆ నేరుగా ఎన్నుకునే పద్ధతినే ఎత్తేశారు. ఉచితంగా వచ్చిన సభ్యత్వాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు అడ్డం నిలబడేంత బలం ఆ సభ్యుల దగ్గర లేకపోయింది.

ఇంకో ఉదాహరణ. ఇంటర్నెట్ సొసైటీలో వ్యక్తులకు సభ్యత్వం ఉచితం, ట్రస్టీలను ఎన్నుకునే నేరు ఓటు మాత్రం లేదు. 2019 నవంబర్‌లో, స్వచ్ఛంద సంస్థలు వాడుకునే డాట్ ఆర్గ్ రిజిస్ట్రీని 113 కోట్ల డాలర్లకు పైగా ధరకు ఒక పెట్టుబడి సంస్థకు అమ్మబోతున్నామని ట్రస్టీలు ప్రకటించారు. సభ్యులకు కూడా అందరితోపాటే తెలిసింది. ప్రపంచమంతటా గోల లేచింది. చివరికి 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అనుమతి నిరాకరించాకే అది ఆగింది. ఆపింది ఆ సంస్థ సభ్యులు కాదు, బయటి సంస్థ. ఇది గుర్తుపెట్టుకోండి.

కాబట్టి రుసుము పెట్టండి. వంద రూపాయలు చాలు, నెలకు పది చొప్పున కట్టుకోనివ్వండి. కట్టలేని వాళ్లు నెలలో ఒక పూట వైరు సరిచేయడానికి స్తంభం ఎక్కే కుర్రాడికి తోడుంటే అది కూడా రుసుమే అని రాయండి. రసీదు తప్పకుండా ఇవ్వండి. ఆ రసీదు వెనక వైపు నాలుగు వాక్యాలు అచ్చు వేయించండి: మీకు ఒక ఓటు ఉంది. లెక్కల పుస్తకం ఏ పని రోజైనా చూడొచ్చు. పది మంది సంతకాలు పెడితే అత్యవసర సమావేశం పెట్టాల్సిందే. కమిటీ సభ్యుణ్ని మధ్యలోనే దించొచ్చు. చేతిలో ఆ కాగితం ఉన్న మనిషి సమావేశంలో కూర్చునే తీరే వేరు. ఇంటికి ఒక్క సభ్యత్వం అని మాత్రం పెట్టకండి, ఆ ఒక్కటీ మగవాడి పేరు మీదే పోతుంది. బీడీలు చుట్టి ఇల్లు గడిపే ఆడవాళ్లు ఇన్ని వేల మంది ఉన్న జిల్లా ఇది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ విడిగా ఇవ్వండి.

ఏకగ్రీవం వద్దే వద్దు

ఊరి పెద్దలు ముందుగా అడిగేది ఇదే. పోటీ వద్దు, ఖర్చు వద్దు, కూర్చుని మాట్లాడుకుందాం. ఆ మాట వినొద్దు. పోటీ లేకుండా కమిటీ వస్తే ఆ ఎన్నికను రద్దు చేసి నెల రోజుల్లో మళ్లీ పెట్టాలని బైలాలో రాయండి. రెండోసారీ ఎవరూ పోటీకి రాకపోతే కమిటీ పేర్ల మీద అవును, కాదు అని రహస్య ఓటు పెట్టండి.

పోటీ కష్టమని చెప్పే హక్కు నిజామాబాద్ వాళ్లకు అసలు లేదు. 2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో మన స్థానం నుంచి 185 మంది పోటీ చేశారు. అందులో 178 మంది పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు ధర కోసం నామినేషన్ వేసిన రైతులు. అంతమందికి పేపర్ బ్యాలెట్ తప్పదేమో అనుకున్నారు. చివరికి ప్రతి పోలింగ్ బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టి కలిపారు. పదహారేసి పేర్లున్న డబ్బాలను ఒక్కొక్కటి దాటుకుంటూ పోయి, తమకు కావాల్సిన గుర్తు వెతుక్కుని, ముసలమ్మలు కూడా ఓటేసి వచ్చారు. దేశమంతా మన వైపు చూసింది. ఒక లోక్‌సభ స్థానానికి అది చేయగలిగిన జనం తొమ్మిది మంది వైఫై కమిటీకి ఓటేయలేరా? ఆ రైతులు గెలవడానికి నిలబడలేదు, అడగడానికి నిలబడ్డారు. మీ సంఘానికి కావాల్సిన పోటీ అలాంటిదే. ఓడిపోయినా సరే నామినేషన్ పత్రంలో ఒక ప్రశ్న రాసేవాళ్లు రావాలి, గెలిచినవాళ్లు ఆ ప్రశ్నకు ఆర్నెల్లలో జవాబు చెప్పాలి.

ఓటును ఇంకొకరి చేతికి ఇచ్చే పద్ధతి మాత్రం ఏ రూపంలోనూ పెట్టకండి. ఆఫ్రికా ఖండానికి ఐపీ నంబర్లు పంచే ఆఫ్రినిక్ మారిషస్‌లో రిజిస్టరైన సభ్యుల సంస్థ. 2021 నుంచి కోర్టు కేసులు, బ్యాంకు ఖాతాల స్తంభన, బోర్డుకు కోరం లేని స్థితి, 2023లో కోర్టు నియమించిన రిసీవర్. రిసీవర్ ఆధ్వర్యంలో 2025 జూన్‌లో ఎన్నిక పెడితే సభ్యుల పేరుతో వేరేవాళ్లు తెచ్చిన అధికార పత్రాల మీద గొడవై ఆ ఎన్నికే రద్దయింది. సెప్టెంబర్‌లో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. సహకార సంఘాల్లో పర్సన్ ఇన్‌చార్జ్ పాలన చూసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. రాలేని ముసలివాళ్లుంటే పెట్టెను వాళ్ల మంచం దగ్గరికి తీసుకుపోండి.

పేచీకోరును వెతికి మరీ చేర్చుకోండి

ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. గ్రామసభలో మైకు వదలడు, సమాచార హక్కు దరఖాస్తులు పెడతాడు, పంచాయతీ కార్యదర్శికి అతని పేరు చెప్తే తలనొప్పి. మీ సంఘానికి మొదటి సభ్యత్వ రసీదు అతనికే రాయండి. కమిటీలోకి ఎన్నికైతే ఇంకా మంచిది.

ఐకాన్‌లో 2000 ఎన్నికలో ఉత్తర అమెరికా నుంచి గెలిచిన కార్ల్ ఆవర్‌బాక్ అలాంటి మనిషి. డైరెక్టరుగా లెక్కలు, రికార్డులు చూపించమంటే సంస్థ షరతులు పెట్టింది. ఆయన సొంత సంస్థ మీదే దావా వేశాడు. 2002 జూలైలో కాలిఫోర్నియా కోర్టు ఆయనకే అనుకూలంగా తీర్పిచ్చింది. ఎన్నికైన ఐదుగురిలో ఒక్కడు పట్టుబట్టినందుకు ఆ తలుపు తెరుచుకుంది.

ఐకాన్ సంస్థ 'సభ్యులు' అనే మాటకే భయపడుతూ వచ్చింది. కాలిఫోర్నియా చట్టంలో సభ్యుడంటే పుస్తకాలు చూసే హక్కు, కోర్టుకెళ్లే హక్కు వస్తాయి మరి. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ పోబోతున్న 2015లో జవాబుదారీతనం మీద పెద్ద చర్చ నడిచింది. వేర్వేరు వర్గాలన్నీ కలిసి ఒకే సభ్యుడిగా ఉండాలని ఒక దశలో ప్రతిపాదించారు. తర్వాత దాన్ని తగ్గించి, డైరెక్టర్లను నియమించే, తొలగించే అధికారం ఉన్న ఒక ఉమ్మడి మండలితో సరిపెట్టుకున్నారు. 2016 అక్టోబర్ 1న ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జరిగిన మొదటి ఐకాన్ సమావేశం ఆ నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే, హెచ్‌ఐసీసీలో జరిగింది. అంత పెద్దవాళ్లు అన్నేళ్లు తర్జనభర్జన పడింది సభ్యుడి చేతికి ఎంత పట్టు ఇవ్వాలన్న దాని మీదే. మీరు చిన్న సంస్థ కాబట్టి పూర్తి పట్టు ఇవ్వగలరు. ఇవ్వండి.

ఇంకొన్ని

దాత ఎవరైనా పెద్ద మొత్తం ఇస్తానంటే సంఘం నిధిలో మూడో వంతుకు మించి తీసుకోకండి, డబ్బును బట్టి ఓట్లు ఇవ్వకండి. ఎక్కువ కట్టినవాళ్లకు ఎక్కువ ఓట్లు అనే పద్ధతి ప్రపంచంలో ఉంది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి నంబర్లు పంచే ఆప్నిక్‌లో సభ్యుడి స్థాయిని బట్టి ఒకటి నుంచి అరవై నాలుగు ఓట్ల దాకా ఉంటాయి. యూరప్ వైపు రైప్‌లో సభ్యుడికి ఒక్కటే ఓటు. మీరు రైప్ దారిలో పోండి. రైస్ మిల్లు యజమానికీ, మిల్లులో హమాలీకీ ఒకే ఓటు.

కలెక్టరు, ఎమ్మెల్యే, సర్పంచి పదవి రీత్యా కమిటీలో ఉండకూడదు. కావాలంటే సభ్యత్వం తీసుకుని పోటీ చేయొచ్చు.

ఇక చివరిది, అందరూ అపశకునం అనేది. సంఘాన్ని ఎలా మూసేయాలో మొదటే రాయండి. రౌటర్లు, స్తంభాలు, బ్యాంకులో మిగిలిన పైసలు, పాస్‌వర్డులు, ఎవరు ఏం చూశారన్న లాగ్ రికార్డులు మూసేనాడు ఎవరికి పోతాయి? ఆస్తి అదే పని చేసే వేరే సంఘానికి పోవాలి. చట్టం ఉంచమన్నవి తప్ప మిగతా రికార్డులు సభ్యుల ముందే చెరిపేయాలి. సంఘాన్ని గానీ దాని ఆస్తిని గానీ అమ్మాలంటే మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది రహస్య ఓటుతో ఒప్పుకోవాలి. హాజరైనవాళ్లలో అని రాయకండి, మొత్తం సభ్యుల్లో అని రాయండి. శక్కర్‌నగర్ కాలనీలో జీతం బకాయిల కోసం ఏళ్లు తిరిగిన కుటుంబాలను అడగండి, మూసివేత గురించి ముందే రాసి ఉంటే ఏం మేలు జరిగేదో వాళ్లే చెప్తారు.

బైలా ముసాయిదా రాయడం అయ్యాక వెంటనే రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తకండి. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి పంచాయతీ గోడకు, పాల కేంద్రానికి, బీడీ కార్ఖానా గుమ్మానికి, మసీదు దగ్గర, గుడి దగ్గర అంటించండి. బోధన్ వైపు ఊళ్లయితే ఉర్దూలో, మరాఠీలో కూడా వేయించండి. పక్కన దారం కట్టి ఒక పెన్ను వేలాడదీయండి. నెల రోజులు ఉంచండి. ఎవరు ఏ వాక్యం మీద గీత కొట్టారో, ఏమని రాశారో చూసుకోండి. ఆ గీతలు కొట్టినవాళ్ల ఇళ్లకు పోయి, ముందు వాళ్లనే సభ్యులుగా చేర్పించండి.